మంథని రోడ్డు మీద జపాన్ అంగడి

ముప్పయ్యేళ్ళకు పైగా భూమి కింద ఉద్యోగం చేసినవాణ్ణి ఏం గుర్తుందని అడిగితే, పైకప్పు కూలిన సంగతో గ్యాసు లేచిన సంగతో చెబుతాడని మీరనుకుంటారు. అవి నా దగ్గర లేకపోలేదు. కాని మా గనివాళ్ళు నలుగురు ఎక్కడ కలిసినా నా మొహం చూసి నవ్వేది మాత్రం ఒక ఆదివారం గురించి. ఆ రోజు నేను డ్యూటీలో కూడా లేను. రోడ్డు పక్కన కూర్చుని వంకాయలు అమ్మిస్తున్నాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన మీలాంటివాళ్ళకు ఆ కథ తలా ఒక రకంగా చెబుతున్నారని విన్నాను. కాబట్టి జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను. నన్ను వెక్కిరించదలుచుకుంటే కనీసం సరిగ్గా వెక్కిరించండి.

తెలంగాణ రావడానికి ఏడెనిమిదేళ్ళ ముందు మాట. నేను గోదావరిఖని దగ్గర ఒక గనిలో ఓవర్‌మన్‌ని. అంటే లోపల ఒక షిఫ్టు మనుషుల మంచిచెడ్డలన్నీ నా నెత్తి మీద ఉండేవి. గనుల్లో ప్రమాదాలు తగ్గించడం నేర్చుకు రమ్మని కంపెనీ మమ్మల్ని ఆరుగురిని రెండు నెలలు జపాన్ పంపింది. నా ఎంపికకు కారణం నా తెలివి కాదు. నాకంటే ముందున్నాయనకు చలి పడదు. మా ఆరుగురిలో ఒక మైనింగ్ సర్దార్ కూడా ఉన్నాడు, అంటే లోపల నా కింద మనుషులను చూసుకునేవాడు. ఎవరికీ బావ కాడు, కాని గని మొత్తం ఆయన్ని బావ అనే పిలిచేది. నేనూ అలాగే పిలిచేవాణ్ణి.

అక్కడ మాకు పాఠం చెప్పిన పెద్దాయన పొట్టిగా, బక్కగా ఉండేవాడు. ముప్పయ్యేళ్ళు గనిలో పనిచేసి పాఠాలు చెప్పడానికి వచ్చాడు. గురువుగారిని వాళ్ళు సెన్సే అంటారు. మేమూ సెన్సే అన్నాము. బంగారంలాంటి మనిషి, ఒక్క అలవాటు తప్ప. ఏది చూపించినా చివర ఒక ప్రశ్న అడిగేవాడు. ఆయన మాటల్ని ఇంగ్లీషులోకి మార్చే అమ్మాయి చేతులు కట్టుకుని మాకు చెప్పేది: మీ దగ్గర ఇది ఉందా?

గ్యాసు పెరిగితే తనంతట తాను మోగే గంట ఉందా? లేదు. మనిషి జారిపడితే ఆగిపోయే బెల్టు ఉందా? లేదు. కూర్చుంటే వెచ్చగా ఉండే లెట్రిన్ ఉందా? అదీ లేదు. ఐదు వారాలు రోజుకు పదిసార్లు లేదు, లేదు అని చెప్పి చెప్పి నాకు కడుపు మండిపోయింది. ఆయన ఎగతాళికి అడగడం లేదని తెలుసు. తెలిస్తే మాత్రం ఏం లాభం, మంట మంటే.

ఆరో వారం ఆదివారం నాడు మమ్మల్ని వ్యాన్‌లో ఎక్కించుకుని కొండల మధ్య ఒక పల్లె రోడ్డుకు తీసుకుపోయాడు. అక్కడ రోడ్డు పక్కన ఒక పెద్ద హాలు ఉంది. దారిన పోయేవాళ్ళు బండి ఆపుకోవచ్చు, కాళ్ళూ చేతులూ కడుక్కోవచ్చు, తినవచ్చు, కొనుక్కోవచ్చు. దాన్ని రోడ్డు స్టేషన్ అంటారట. రైలు రాని స్టేషన్ ఏమిటని మేము మొదట తెల్లమొహం వేశాము. లోపలికి పోయాక నోరు తెరిచాము. చుట్టుపక్కల ఊళ్ళ రైతులు తెల్లవారుజామున ఎవరి కూరగాయలు వాళ్ళు తెచ్చి బల్లల మీద పెట్టి పోతారు. ముల్లంగి పచ్చళ్ళు, వేడివేడి సేమ్యా గిన్నెలు, అడవి తీగలతో అల్లిన బుట్టలు, చెక్కతో చెక్కిన గుడ్లగూబలు. ప్రతి కుప్ప మీద పండించినవాడి పేరు, ఊరు, నవ్వుతున్న ఫోటో. అమ్మేవాళ్ళు పక్కన లేరు. బావకు బేరం ఆడకుండా ఏదీ కొనే అలవాటు లేదు. ఉల్లిగడ్డల మీద ఉన్న ముసలావిడ ఫోటోకు రెండు వేళ్ళు చూపించి కాసేపు బేరమాడి, ఆమె నవ్వు ఆపకపోయేసరికి అడిగిన ధరే ఇచ్చాడు.

బయటికి వచ్చి సేమ్యా తింటుండగా సెన్సే మామూలుగానే ప్రశ్న అడిగాడు. మీ దగ్గర ఇలాంటిది ఉందా?

మిగతావాళ్ళు లేదని చెప్పడానికి నోరు తెరుస్తున్నారు. నా నోరు వాళ్ళకంటే ముందు తెరుచుకుంది. "ఉంది సార్. మంథని రోడ్డు మీద ఉంది. దీనికంటె పెద్దది" అన్నాను.

బావ బల్ల కింద నా కాలు తొక్కాడు. సెన్సే కళ్ళు మెరిశాయి. రైతుల ఫోటోలు కూడా పెడతారా అని అడిగాడు. పెడతాము, ఇంకా పెద్దపెద్దవి అన్నాను. ఏమేమి అమ్ముతారన్నాడు. సకినాలు, సర్వపిండి, గొంగళ్ళు, నిర్మల్ బొమ్మలు అని నోటికొచ్చిందల్లా చెప్పాను. అన్నీ రాసుకున్నాడు. రాసుకుని లేచి, నాకు నడుము వంచి నమస్కారం పెట్టాడు. ఐదు వారాల్లో ఆయన మా ఊరి గురించి ఆనందపడ్డది ఆ ఒక్కసారే. అబద్ధానికి అందుకున్న ఆ నమస్కారం తిరుగు ప్రయాణంలో విమానమంతా నన్ను నిద్రపోనివ్వలేదు.

సరే, జపాన్ ఎక్కడ, ఖని ఎక్కడ అనుకున్నాను. మరుసటేడు మార్చిలో జనరల్ మేనేజర్ గారు పిలిపించారు. మా గనులు చూడటానికి జపాన్ నుంచి ముగ్గురు వస్తున్నారు, అందులో సెన్సే ఒకడు. సోమవారం గని చూస్తాడట. ఆదివారం పదకొండు గంటలకు మాత్రం ఓవర్‌మన్ చెప్పిన రోడ్డు స్టేషన్ చూడాలని ఉత్తరంలో ప్రత్యేకంగా రాశాడు.

"ఏ స్టేషనయ్యా అది? నాకు తెల్వకుంట మంథని రోడ్డు మీద స్టేషన్ ఎప్పుడు లేసింది?" అన్నారాయన.

అప్పుడైనా నిజం చెప్పి ఉండవచ్చు. ఆయన నాలుగు తిట్లు తిట్టి ఉత్తరం రాసేవారు. కాని సెన్సే ఆ ఉత్తరం చదువుకుంటాడు కదా. నన్ను గురువు ముందు అబద్ధాలకోరును చేసే కాగితం ఇక్కడి నుంచి పోకూడదని నా ఏడుపు. "ఉన్నది సార్" అన్నాను. రెండో అబద్ధం మొదటిదానికంటే సులువుగా వచ్చింది.

బావ హోటల్లో చాయ్ తాగుతూ మొత్తం విన్నాడు. విని, "ఉన్నది అన్నవు గద. ఇగ ఉండాలె. ఆరు రోజులున్నయ్, ఫికర్ చెయ్యకు" అన్నాడు. ఆయనకు ఏర్పాట్లంటే పిచ్చి. పెళ్ళయినా, యూనియన్ సభ అయినా, ఎవరూ పిలవకపోయినా ముందుండేవాడు.

మా గనిలో సగం మంది సగం రైతులే. షిఫ్టు దిగి, స్నానం చేసి, ఊరికి పోయి చేనుకు నీళ్ళు పెట్టేవాళ్ళు. వాళ్ళలో కూరగాయలు పండించేవాళ్ళను పదిమందిని ఒప్పించాము. అందరికంటే కష్టంగా ఒప్పుకున్నది మా టింబర్‌మన్. లోపల పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని ఆయనది. ఆరడుగుల మనిషి. "బొగ్గుబాయిల పని చేసెటోన్ని రోడ్డు మీద కూసోని వంకాయలు అమ్మాల్నా?" అని రెండు రోజులు మాట్లాడలేదు. చివరికి నా మొహం చూసి సరేనన్నాడు, కాని ఇంట్లో తెలియకూడదన్నాడు. భార్యకు ఆదివారం డ్యూటీ పడిందని చెప్పాడు.

నా భార్య, బావ భార్య సకినాలు చుట్టారు. మేదరోళ్ళ బుట్టలు, కురుమోళ్ళ గొంగళ్ళు దొరికాయి. నిర్మల్ బొమ్మలు మా షోకేసులోవే తెచ్చి పెట్టాను.

ఇక ఫోటోలు. ఆ పని ఆఫీసు గుమాస్తాకు అప్పగించాను. చర్చిలో హార్మోనియం వాయిస్తాడు, అక్షరాలు ముత్యాలు, ఏ పనైనా గీత గీసినట్టు చేస్తాడు. పదిమందికీ ఫోటోలు ఎక్కడివని వెతకకుండా సర్వీసు ఫైళ్ళలో అతికించినవి తీసి స్టూడియోలో పెద్దవి చేయించి ఫ్రేములు కట్టించాడు. కింద పేరు, ఉద్యోగం, ఊరు రాశాడు. ఉద్యోగంలో చేరిన రోజు దిగిన నలుపు తెలుపు ఫోటోలవి. ఒక్కడూ నవ్వడం లేదు. శనివారం సాయంత్రమే మంథని రోడ్డు పక్కన మేము వేయించిన శామియానా వెనక గుడ్డకు మేకుల కర్ర కట్టి పది ఫ్రేములూ వరసగా తగిలించి, ఆదివారం ప్రార్థన ఉందని చెప్పి వెళ్ళిపోయాడు. శామియానా తెల్లది. పెళ్ళిళ్ళ రోజులు, రంగులవి దొరకలేదు. జపాన్‌లో చూసినట్టే ఉందని నేను తృప్తిగా ఇంటికి పోయి పడుకున్నాను.

ఆదివారం పొద్దున్నే పదిమందీ ఎవరి ఫోటో కింద వాళ్ళు కుప్పలు పోసుకుని కూర్చున్నారు. మంచి బోణీ కావాలని నా భార్య ఒక కట్ట ఊదుబత్తీలు వెలిగించి ఫోటోల కింద గుచ్చింది. అతిథులకు వేయడానికి బావ పది బంతిపూల దండలు తెచ్చాడు. పదకొండయింది, వాళ్ళు రాలేదు. బుట్టలో దండలు నలిగిపోతున్నాయని బావ వాటిని తీసి, నీడగా ఉందని, వెనక ఫ్రేములున్న మేకులకే తగిలించాడు. పది మేకులు, పది దండలు, లెక్క సరిపోయిందని మురిసిపోయాడు కూడా. మేమంతా రోడ్డు వైపు మొహం పెట్టి కూర్చున్నాము. వెనక్కి ఎవరం చూడలేదు. ఎండ మండుతోంది. పదిమందీ తలల మీద తువ్వాలలు కప్పుకుని, బేరాలు లేక దిగాలుగా నేల చూస్తున్నారు.

మీలో బయటి జిల్లాల నుంచి వచ్చినవాళ్ళకు ఒక సంగతి చెప్పాలి. మా దగ్గర గని మనుషుల ఫోటోలు వరసగా శామియానా కింద కనిపించాయంటే దానికి ఒక్కటే అర్థం. వాళ్ళు పైకి రాలేదని. అది మాకు ఎవరూ నేర్పనక్కరలేదు. నాకూ తెలుసు, బావకూ తెలుసు. ఆ పొద్దు మాత్రం మా ఇద్దరి బుర్రల్లో జపాన్ తప్ప ఇంకేమీ లేదు.

మొదట ఒక షేర్ ఆటో నెమ్మదించింది. డ్రైవరు నుదుటికి చెయ్యి తాకించుకుని పోయాడు. మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను. తర్వాత సైకిల్ మీద పోయే ముసలాయన దిగి, చెప్పులు విడిచి, చేతులు కట్టుకుని కాసేపు నిలబడ్డాడు. వంకాయలు తీసుకో కాకా అన్నాడు బావ. ఆయన కళ్ళు తుడుచుకుని, ఇప్పుడు నాకు వంకాయలెందుకు బిడ్డా అని వెళ్ళిపోయాడు. అప్పటికీ మాకు వెలగలేదు. ఆ ఆటో ఖని చౌరస్తా చేరింది. అప్పటికే అందరి చేతుల్లో సెల్‌ఫోన్లు వచ్చాయి. అరగంటలో పదిమంది పోయారన్న వార్త కాలనీలన్నీ తిరిగింది.

ముందుగా వచ్చింది ఒక యూనియన్ జీపు. వెనకే దాని ఎదుటి యూనియన్ జీపు, వాటి వెనక కాలనీల జనం. మొదటి యూనియన్ నాయకుడు దిగుతూనే స్టూలు ఎక్కి, ఈ పది కుటుంబాలకు నష్టపరిహారం ఇచ్చేదాకా, కొడుకులకు ఉద్యోగాలిచ్చేదాకా కదిలేది లేదని ప్రసంగం మొదలుపెట్టాడు. కొడుకులకు ఉద్యోగాలివ్వడం అప్పటికి ఆగిపోయింది. అందుకే ఆ మాటకు చప్పట్లు మోగాయి. వరసలో మూడో ఫోటో మనిషి తువ్వాల తీసి లేవబోయాడు. కూరగాయలు దించడానికి తోడుగా వచ్చిన ఆయన కొడుకు, ముప్పై ఏళ్ళవాడు, పనీపాటా లేనివాడు, తండ్రి భుజం నొక్కి కూర్చోబెట్టి, "బాపూ, జరసేపు ఆగు, సార్ కొలువుల సంగతి రాయించుకోని" అన్నాడు.

నేను అప్పుడు రోడ్డు మీదికి నడిచి మొదటిసారి వెనక్కి తిరిగి చూశాను. తెల్ల శామియానా, పది నలుపు తెలుపు ఫోటోలు, పది దండలు, పొగ, కింద తలలు కప్పుకున్న మనుషులు. పరుగెత్తి దండలు తీయబోతే రెండో యూనియన్ మనిషి నా చెయ్యి పట్టుకుని, అమరుల దండలు ముట్టొద్దన్నాడు.

ఇంతలో ఒక ఆటో ఆగీ ఆగకముందే టింబర్‌మన్ భార్య దూకింది. ఆమె ఎవరినీ చూడలేదు. నేరుగా ఏడో ఫోటో దగ్గరికి పోయి, దండ చూసి, మోకాళ్ళ మీద కూలబడింది. ఆ మొహం నాకు ఇవాళ్టికీ కళ్ళ ముందుంది.

"నేను ఈన్నే ఉన్ననే" అన్నాడు టింబర్‌మన్, తువ్వాల లోపలి నుంచే.

ఆమె తలతిప్పి చూసింది. లేచింది. చేతికి అందిన బీరకాయతో కొట్టింది. అది విరిగితే ఇంకొకటి తీసింది. ఆరడుగుల మనిషి చేతులు అడ్డం పెట్టుకోకుండా దెబ్బలు తిన్నాడు. "డ్యూటీ అని చెప్పి ఈడ కూసున్నవా? ఆటోల వస్తుంటె నా పానం ఎట్ల కొట్టుకున్నదో నీకెరుకేనా?" అంది. బీరకాయలు అయిపోయాక ఆయన చొక్కా పట్టుకుని, అప్పుడు గొంతెత్తి ఏడ్చింది. ప్రసంగం ఆగిపోయింది. నాయకుడు స్టూలు మీద నుంచి దిగడం మరిచిపోయాడు.

సరిగ్గా అప్పుడు కార్లు వచ్చాయి.

సెన్సే దిగాడు. ఫోటోలు చూశాడు, దండలు చూశాడు, ఏడుస్తున్న ఆడమనిషిని చూశాడు. టోపీ తీశాడు. రెండు చేతులూ తొడలకు ఆనించి ఆ ఫోటోల వైపు నడుము వరకు వంగి అలాగే ఉండిపోయాడు. వెంట వచ్చిన ఇద్దరూ వంగారు. ఏమిటిదని జనరల్ మేనేజర్ గారు నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. ఆయన నా చెవి దగ్గరికి వచ్చి, "పాత సంస్మరణ సభ అని చెప్పు. దండం పెట్టుకోని పోతరు" అన్నారు.

అది మంచి దారే. అలా అంటే నా అబద్ధం కూడా బతికిపోయేది. స్టేషన్ చూడటానికి వచ్చాము, పాపం ఆ రోజే విషాదం ఎదురైంది అనుకుని సెన్సే వెళ్ళిపోయేవాడు. కాని ఆయన ఇంకా వంగే ఉన్నాడు. అరవై దాటిన మనిషి, ఆ ఎండలో, బతికున్న నా మనుషుల కోసం. పదిమందినీ చంపి నా పరువు నిలబెట్టుకోవడం నా వల్ల కాలేదు.

జపాన్‌లో ఇంగ్లీషులోకి మార్చిన అమ్మాయే ఇక్కడికీ వచ్చింది. నాకు వచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కల్లో ఆమెకు చెప్పాను. వీళ్ళెవరూ చావలేదు. అందరూ ఇక్కడే ఉన్నారు. ఇది అంగడి. నిన్నటిదాకా ఇది లేదు. మీ దగ్గర నేను చెప్పింది అబద్ధం. అమ్మాయి నా మొహంలోకి చూసి, రెండోసారి అడిగి, అప్పుడు చెప్పింది.

సెన్సే నడుము ఎత్తి నిలబడ్డాడు. మొదటి ఫోటో దగ్గరికి పోయి, కింద కూర్చున్నవాడి తువ్వాల తొలగించి మొహం పోల్చుకుని భుజం తట్టాడు. రెండో ఫోటో దగ్గరికి పోయాడు. పదిమందీ అయ్యేదాకా అలాగే పోయాడు. షిఫ్టు దిగినప్పుడు మనుషులను లెక్కపెట్టుకునే పద్ధతి అది, ఏ దేశపు గనిలోనైనా అంతే. పదోవాడి భుజం తట్టాక నా దగ్గరికి వచ్చి, అమ్మాయి ద్వారా రెండు ముక్కలు చెప్పాడు. నిన్న లేకపోతే ఏమి, ఇవాళ ఉంది. ఫోటోలు మా వాటికంటే పెద్దవన్న మాట మాత్రం నిజం.

ముందు నవ్వింది బావ. తర్వాత అందరూ నవ్వారు, ఏడుస్తూ వచ్చినవాళ్ళు కూడా. పదిమంది బతికి ఉన్న సంతోషంలో జనం కూరగాయల మీద పడ్డారు. స్టూలు దిగిన నాయకుడు ఎవరి మొహమూ చూడకుండా సొరకాయలు కొన్నాడు. ఎదుటి యూనియన్ ఆయన అంతకంటే ఎక్కువ కొన్నాడు. సెన్సే సకినం కొరికి పన్ను పట్టుకుని, తర్వాత మూడు తిన్నాడు. నా షోకేసులోని నిర్మల్ చిలక జపాన్ వెళ్ళిపోయింది. జనరల్ మేనేజర్ గారు కారెక్కుతూ, "నువ్వు ఇంకో దేశం పోతే నేను రాజీనామా చేస్త" అని మాత్రం అన్నారు. నేను మళ్ళీ ఎక్కడికీ పోలేదు.

వాళ్ళు బయలుదేరేముందు ఇంకొకటి జరిగింది. మావాళ్ళు ఈ కథ చెప్పేటప్పుడు ఇది చెప్పరు. టింబర్‌మన్ భార్య మేకు మీది దండ తీసి పక్కన పడేసి, ఫ్రేము చేతిలో పట్టుకుని సెన్సే ఎదుటికి వచ్చింది. అడగమని నాకు చెప్పింది: "వాళ్ళ దిక్కు గిట్ల బతికున్నోళ్ళ ఫోటోలు పెడుతరట గద. ఆడోళ్ళకు పానం జల్లుమనదా?"

నేను చెప్పాను. అమ్మాయి చెప్పింది. సెన్సే ఆమెను, ఆమె చేతిలో ఫ్రేమును చూసి నెమ్మదిగా జవాబిచ్చాడు. మా ఊరి గని మూసేసి చాలా ఏళ్ళయింది, ఇప్పుడు ఎవరూ కిందికి దిగరు, అందుకే మా వాళ్ళు ఫోటోల్లో అలా నవ్వగలుగుతున్నారు అన్నాడు. రెండు నెలలు అక్కడ తిని, తిరిగి, పాఠాలు నేర్చుకుని కూడా ఆయన గని ఏమైందని మాలో ఒక్కడూ అడగలేదు.

ఆమె ఆ మాట విని ఫ్రేములోని నవ్వని మొహం కేసి చూసింది. తర్వాత దాన్ని కొంగులో చుట్టి చంకలో పెట్టుకుంది. "మా బాయి మూసిన్నాడు నేనే తెచ్చి పెడుత, నవ్వెటి ఫోటో" అంది. మొగుడి వైపు తిరిగి, "లే. రేపు ఫస్టు షిఫ్టున్నది. ఇంటికి పోయి పండుకో" అంది.

ఆయన లేచి, మీద పడ్డ బీరకాయ ముక్కలు దులుపుకుని ఆమె వెనక నడిచాడు. మేము మిగిలిన వంకాయలు బస్తాలో పోసుకున్నాము.